14 లక్షల సినిమా, 40 సెకన్ల పాత పాట: అనుమతి ఎవరిని అడగాలి?

గట్టుమీది_కెమెరా
అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరం దగ్గర ఒక చిన్న సినిమా తీశాను. నిడివి 94 నిమిషాలు. ఖర్చు ఇప్పటికి 14 లక్షలు. అందులో సగం మా అన్నయ్యది, పావు వంతు స్నేహితులది, మిగిలింది నా భార్య గాజులు. షూటింగు పూర్తయింది, ఎడిటింగు చివరికొచ్చింది.

చిక్కంతా ఒకే సీనులో ఉంది. రిటైరైన పోస్ట్‌మాన్ భార్య తెల్లవారుజామున వంటింట్లో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతుంటుంది. గూట్లో రేడియో. అందులో 1962 నాటి సినిమా పాట వస్తుంది, సంగీతం ఘంటసాల గారిది. రెండో చరణంలో ఆవిడ కూడా సన్నగా గొంతు కలుపుతుంది. ఒక మాట దగ్గర ఆగిపోతుంది. అక్కడే ఎందుకు ఆగిందన్నది సినిమా చివర్లో తెలుస్తుంది. మొత్తం 40 సెకన్లు. సెట్లో ఫోనులో ఆ పాటే పెట్టి తీశాం కాబట్టి నటి పెదవులు కూడా ఆ పాటకే కదిలాయి.

నిన్న మిక్సింగు చేసే కుర్రవాడు "అన్నా, దీనికి కాగితం ఉందా?" అన్నాడు. లేదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రీలు_రంగడు
ఇంత చిన్న సినిమాకు అంత భయం ఎందుకండీ? 30 సెకన్ల లోపు అయితే ఎవరినీ అడగక్కర్లేదు. పది సెకన్లు కత్తిరించండి. చివర్లో "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం మాకు లేదు" అని ఒక కార్డు వేయండి. నా షార్ట్ ఫిల్ములు నాలుగింటికీ అలాగే చేశాను.

నల్లకోటు
రంగడు గారూ, ఆ 30 సెకన్ల సూత్రం ఏ చట్టంలోనూ లేదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, ఎన్నోసార్లు సవరించారు, ఏ సవరణలోనూ సెకన్ల లెక్క రాలేదు. 52వ సెక్షనులో మినహాయింపులు ఉన్నాయి: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు. కథాచిత్రంలో వాతావరణం కోసం పెట్టిన పాట వీటిలో దేని కిందికీ రాదు. ఇక ఆ కార్డు సంగతి. ఉద్దేశం లేదని మీరే రాసి పెడితే, అది వేరొకరి పాట అని మీకు తెలుసని మీ చేతిరాతతోనే ఒప్పుకున్నట్టు.

చాలామంది తడబడేది ఇంకొక చోట ఉంది. అదే సెక్షను ప్రకారం సినిమాలో నేపథ్యంగా, యాదృచ్ఛికంగా కనిపించే చిత్రకళా వస్తువులకు మినహాయింపు ఉంది. అంటే మీ వంటింటి గోడ మీది క్యాలెండరు బొమ్మకు భయం లేదు. దాని పక్కన గూట్లో మోగే రేడియోకు మాత్రం ఆ రక్షణ లేదు. కళ్లకు ఇచ్చిన వెసులుబాటు చట్టం చెవులకు ఇవ్వలేదు. పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాళ్లు సినిమా పాట వాయించడానికి మినహాయింపు ఉంది కదా అని మరికొందరు అంటారు. ఆ మినహాయింపు నిజమైన పెళ్లికి. మీరు సినిమాలో చేయించే పెళ్లికి కాదు.

తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా రాసి ఉన్నాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. చిన్న సినిమా వాళ్లను జైలుకు పంపడం నేను చూడలేదు. నేను చూసింది పూర్తయిన సినిమా హార్డ్ డిస్కులోనే ఉండిపోవడం.

పాత_రికార్డు
నల్లకోటు గారికి ఒక ప్రశ్న. నా దగ్గర మూడు వందల పైచిలుకు గ్రామఫోన్ రికార్డులున్నాయి, అందుకే ఈ విషయం కొంత చదివాను. రికార్డు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే కదా హక్కు? 1962 రికార్డుకు 2022 డిసెంబరుతో గడువు తీరింది. ఇక అడిగేది ఎవరిని? కావాలంటే నా దగ్గరున్న అసలు రికార్డు నుంచే ఎక్కించి పంపుతాను, గరగర శబ్దంతో సహా.

నల్లకోటు
సగం నిజం. చిక్కు ఆ మిగతా సగంలోనే ఉంది. ఒక పాట మీద మూడు తాళాలుంటాయి. సాహిత్యం ఒకటి, సంగీతం ఒకటి, ధ్వనిముద్రణ ఒకటి. మీరు చెప్పిన 60 ఏళ్లు మూడో తాళానిది, అది తెరుచుకుంది. మొదటి రెండింటికీ లెక్క వేరు: రాసినవారు, స్వరపరిచినవారు చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో పోయారు. ఆయన స్వరపరిచిన బాణీ 2034 చివరి వరకు హక్కులోనే ఉంటుంది. గీత రచయిత అంతకంటే తరవాత పోయి ఉంటే గడువు ఇంకా ముందుకు జరుగుతుంది.

ఇంకొక మాట. ఈ మధ్య కొత్త దరువులు, కొత్త వాద్యాలు కలిపి విడుదల చేసిన పాత పాటలు కొత్త ధ్వనిముద్రణల కిందికి వస్తాయి. ఫోనులో దొరికిందే 1962 నాటి రికార్డు అనుకోకండి.

గట్టుమీది_కెమెరా
అయితే రికార్డు అసలు వాడకుండా, మా ఊరి గాయని చేత కొత్తగా పాడిస్తే?

నల్లకోటు
అది తెరిచి ఉన్న తలుపుకే మళ్లీ తాళంచెవి చేయించడం. సాహిత్యం, బాణీ అలాగే ఉంటాయి కదా. ఐదేళ్లు దాటిన పాటలకు కవర్ వెర్షన్ చేసుకునే వీలు 31సి సెక్షనులో ఉంది గానీ, అది ధ్వనిముద్రణలకు మాత్రమే, సినిమాలో బొమ్మకు జతచేయడానికి కాదు. కూనిరాగమైనా అంతే. నోట్లో మాట లేకపోయినా బాణీ ఉంది.

పాడినవారిదే పాట అనుకోవడం మనవాళ్లలో ఎంత బలమైన నమ్మకమో 2017లో చూశాం. అమెరికా పర్యటనలో తన పాటలు పాడుతున్నారని ఇళయరాజా గారు బాలు గారికే నోటీసు పంపినప్పుడు ఊరూరా ఎంత ఆశ్చర్యపోయారు!

డాలస్_వాసి
ఈ తాళాల లెక్క వింటుంటే ఇక్కడ జరిగిన ఒక సంగతి చెప్పాలనిపించింది. నీనా పేలీ అనే ఆవిడ రామాయణాన్ని తన సొంత కథతో కలిపి "సీతా సింగ్స్ ది బ్లూస్" అనే యానిమేషన్ సినిమాను దాదాపు ఒంటరిగా, ఇంట్లో కంప్యూటర్ మీద తయారుచేశారు. 2008లో వచ్చింది. సీత పాడే పాటలన్నీ 1920ల నాటి గాయని ఆనెట్ హాన్షా రికార్డులు. రికార్డుల వరకు ఇబ్బంది లేదనే ధీమాతో వెళ్లారు. కానీ ఆ పాటల రచన, స్వరాల హక్కులు కంపెనీల దగ్గర ఇంకా బతికే ఉన్నాయి. మొదట దాదాపు 2,20,000 డాలర్లు అవుతుందన్నారు. బేరాలాడి, లాయర్లను పెట్టుకుని, చివరికి సుమారు 50,000 డాలర్లకు తేల్చుకున్నారు. అప్పు చేసి కట్టారు. తరవాత సినిమాను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా వదిలేశారు.

పాత_రికార్డు గారూ, మీ రికార్డుల పెట్టెను చూస్తే నాకు ఆవిడే గుర్తొస్తారు.

క్యాసెట్_కాలం
నేను ఒకప్పుడు ఒక మ్యూజిక్ కంపెనీలో హక్కుల విభాగంలో గుమాస్తాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అడగడం ఎలాగో చెబుతాను, ఎందుకంటే మా బల్ల మీదకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం జవాబు ఇవ్వడానికి కూడా పనికొచ్చేవి కావు.

మొదట హక్కుదారు ఎవరో పట్టుకోవాలి. మన దగ్గర ఒక సౌకర్యం ఉంది. సినిమా పాటల విషయంలో నిర్మాత డబ్బిచ్చి రాయించుకుని, బాణీ కట్టించుకుంటాడు కాబట్టి మొదటి హక్కు అతనిదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిర్మాతలు ఆ హక్కుల్ని మ్యూజిక్ కంపెనీలకు రాసిచ్చారు. అందుకని చాలా పాటలకు తాళంచెవులన్నీ ఒకే గుత్తిలో ఉంటాయి. పాత హెచ్‌ఎంవీ ముద్ర ఉన్న పాటలకు ఇప్పుడు సారెగమ. తరవాతి కాలపు పాటలకు ఆదిత్య, లహరి వంటివి. స్ట్రీమింగ్ యాప్‌లో పాట కింద చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది, చూడండి. యూట్యూబ్‌లో పదిమంది ఎక్కించి ఉంటారు. వాళ్లందరూ హక్కుదారులు కారు.

ఐపీఆర్‌ఎస్‌కు డబ్బు కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 1969 నుంచి ఉన్న సంస్థ, రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేస్తుంది. హోటలులో, సభలో పాట వేసుకోవడానికి వాళ్ల లైసెన్సు. సినిమా బొమ్మకు పాటను జతచేయడాన్ని సింక్ అంటారు, అది హక్కుదారుతో విడిగా మాట్లాడుకోవాల్సిన బేరం. అయితే పాట ఎవరి పేరున నమోదై ఉందో వెతకడానికి వాళ్ల వెబ్‌సైటు పనికొస్తుంది.

ఇక ఉత్తరం. "సార్, మాది చిన్న సినిమా, పెద్ద మనసు చేసుకోండి" అని నాలుగు పేజీలు రాయకండి. ఇంగ్లీషులోనే రాయండి, విషయం ఇంతే ఉండాలి:

"సినిమా పేరు, నిడివి, మొత్తం బడ్జెట్. కావలసిన పాట, అది ఉన్న సినిమా, సంవత్సరం. వాడకం: రెండో చరణం, 40 సెకన్లు, సీనులో రేడియో నుంచి వినిపిస్తుంది, పాత్ర గొంతు కలుపుతుంది. సీనులో మద్యం, హింస, రాజకీయం, మతం లేవు. మొదట చలనచిత్రోత్సవాలకు మాత్రమే, ఏడాదికి, అన్ని దేశాలకు. తరవాత థియేటరు, ఓటీటీకి వెళితే ఎంత చెల్లించాలో ఆ ధర కూడా ఇప్పుడే రాసివ్వగలరు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. ఇప్పుడు ఉత్సవాలకు మాత్రమే తీసుకుని, సినిమా అమ్ముడయ్యాక మళ్లీ వెళితే ధర చెప్పేవాడిది పైచేయి అవుతుంది. అప్పటికి మీకు వేరే దారి ఉండదని అవతలివాళ్లకు తెలుసు.

రీలు_రంగడు
ఒప్పుకున్నాను, 30 సెకన్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంత తతంగం చిన్నవాళ్లు పడగలరా? ఉచిత సంగీతం వెబ్‌సైట్లు ఉన్నాయి, ఏఐ ఉంది. పదం కొడితే పాట వస్తుంది.

మిక్సింగు_గది
రంగడు గారూ, ఉచితం అన్న ప్రతి పాటకూ కింద షరతు ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ అంటే చేసినవాళ్లే కొన్ని షరతులతో అందరికీ ముందుగా ఇచ్చే అనుమతి, అందులో రకాలున్నాయి. పేరు వేస్తే చాలు అనేది ఒకటి, వ్యాపారానికి వాడకూడదు అనేది ఒకటి, మార్చకూడదు అనేది ఒకటి. ఈ మూడోదాని దగ్గర చాలామంది పడిపోతారు. "నేను పాటను ఏమీ మార్చలేదే" అంటారు. కదిలే బొమ్మకు పాటను జతచేయడమే మార్పు కిందికి వస్తుందని ఆ లైసెన్సులోనే రాసి ఉంది. ఏఐ పాటల్లోనూ ఉచిత ఖాతాలో చేసినవి వ్యాపారానికి వాడొద్దనే షరతు పెట్టే సంస్థలున్నాయి. చదవకుండా వాడకండి.

అయినా రేడియోలో 1962 నాటి పాట రావలసిన చోట ఏఐ పాట పెడితే ఆ సీను చచ్చిపోతుంది. అది చట్టం సంగతి కాదు, చెవి సంగతి.

తెరవెనక
పాత పాటల సంగతి సరే, కొత్తగా చేయించుకున్న సంగీతానికీ కాగితం కావాలి. నేను మూల్యం చెల్లించి నేర్చుకున్నాను. మొదటి సినిమాకు చిన్ననాటి స్నేహితుడే సంగీతం చేశాడు. డబ్బు వద్దన్నాడు, బిర్యానీ తిన్నాం, చేతులు కలిపాం. మూడేళ్ల తరవాత ఒక ఓటీటీ సంస్థ సినిమా తీసుకుంటామని, ప్రతి సంగీతపు ముక్కకూ హక్కుల పత్రం, క్యూ షీటు పంపమంది. ఏ నిమిషంలో ఏ సంగీతం, ఎన్ని సెకన్లు, ఎవరిది అన్న పట్టిక అది. స్నేహితుడు అప్పటికి చెన్నైలో స్థిరపడ్డాడు, మా మధ్య మాటల్లేవు. సంతకం కోసం నాలుగు నెలలు తిరిగాను. ఆ ఒప్పందం తప్పిపోయింది.

నల్లకోటు
తెరవెనక గారు చెప్పిన దానికి మూడు చేర్పులు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. కాబట్టి రెండూ రాయండి. 2012 సవరణ తరవాత, థియేటరులో సినిమాతో పాటు వినిపించే సందర్భం తప్ప మిగతా వాడకాలకు గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వదులుకోవడం కుదరదు. "రాయల్టీలన్నీ వదులుకుంటున్నాను" అని రాయించుకున్నా ఆ వాక్యం చెల్లదు.

గట్టుమీది_కెమెరా
ఇరవై రెండు రోజులయింది. క్యాసెట్_కాలం గారి పద్ధతిలోనే ఉత్తరం రాశాను, ఐదోసారి గుర్తుచేశాక జవాబు వచ్చింది. కంపెనీ పేరు చెప్పను, మర్యాదగానే మాట్లాడారు. ఉత్సవాలకు ఏడాదికి 75 వేలు, పన్ను అదనం. ఓటీటీకి వెళితే మరో మూడున్నర లక్షలు. నా సినిమాలో నటి మొత్తం పారితోషికం 40 వేలు. ఆవిడ పాడిన 40 సెకన్లకు ఆవిడకంటే ఎక్కువ!

శ్రుతిపెట్టె
సంగీతం చేసేవాడిగా ఆ ధర నాకు అన్యాయంగా అనిపించలేదు. మీ బడ్జెట్‌కు మాత్రం అది కొండే. దర్శకుడు గారూ, ఒక్కటి అడగనా? మీ కథకు ఆ పాటే కావాలా, అలాంటి పాట కావాలా? ఆవిడ ఆగిపోయే ఒక మాట కావాలి, అంతే కదా.

గట్టుమీది_కెమెరా
రాత్రంతా ఆలోచించాను. ఆ పాటే కావాలని పట్టుబట్టింది కథ కాదు, నేను. మా అమ్మ పాడే పాట అది. అన్నమయ్య కీర్తన అయితే? ఐదు వందల ఏళ్ల నాటిది కదా.

శ్రుతిపెట్టె
అక్కడ ఇంకా పెద్ద గుంట ఉంది, జాగ్రత్త. అన్నమయ్య 1503లో పోయారు, సాహిత్యం అందరిదీ. కానీ రాగిరేకుల్లో దొరికింది సాహిత్యం, రాగాల పేర్లు. మనం ఇవాళ పాడుకునే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దివి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు (1979లో పోయారు), నేదునూరి కృష్ణమూర్తి గారు (2014), గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ గారు (2025) కట్టినవి. "వినరో భాగ్యము" గరిమెళ్ల వారి బాణీ, ఆ లెక్కన 2085 దాకా హక్కులో ఉంటుంది. త్యాగరాజ కీర్తన అయితే బాణీ కూడా శిష్యపరంపరలో వచ్చింది కాబట్టి కొంత నయం. కానీ మీ పోస్ట్‌మాన్ భార్య పప్పు ఏరుతూ త్యాగరాజ కీర్తన పాడుతుందా? నాకైతే నమ్మబుద్ధి కాదు.

పాత_రికార్డు
జానపదం తీసుకోండి. ఎవరిదీ కాదు కదా.

శ్రుతిపెట్టె
ఎవరిదీ కాని పాటకు హక్కుదారులు ఒక్కరోజులో పుడతారండీ. 2021లో "సారంగ దరియా" జానపదం సినిమాలోకి వచ్చినప్పుడు దాని చుట్టూ ఎంత చర్చ నడిచిందో గుర్తు చేసుకోండి. పాట ప్రజలది. సేకరించినవారి గౌరవం, చేర్చిన చరణాలు వేరే ప్రశ్నలు.

నా సలహా ఎంకి పాటలు. నండూరి సుబ్బారావు గారు 1957లో పోయారు. 2018 జనవరి 1 నుంచి ఆ సాహిత్యం అందరిదీ. అప్పటి రేడియోలో అలాంటి పాట రావడం సహజం కూడా. రేడియోలో విన్న బాణీ మాత్రం తీసుకోకండి, అన్నమయ్య దగ్గర చెప్పిన చిక్కే ఇక్కడా వస్తుంది. కొత్త బాణీ నేను కడతాను. ఉచితంగా కాదు, 8 వేలు, కాగితంతో. తెరవెనక గారి బిర్యానీ కథ విన్నాక ఉచితం అనాలంటే భయమేస్తోంది.

మిక్సింగు_గది
పెదవుల సంగతి నాకు వదిలేయండి. ఆ సీను నాకు పంపారు, చూశాను. 40 సెకన్లలో నటి ముఖం కెమెరా వైపు ఉన్నది 11 సెకన్లే. మిగతా సమయం చేట మీద, చేతుల మీద, కిటికీ మీద ఉంది. పాడుతూ పెదవులు స్పష్టంగా కనిపించేది రెండు చోట్ల. ఒకచోట కుక్కరు కూత వేసి ఆవిరి మీద కట్ చేయొచ్చు. రెండోది మళ్లీ తీయక తప్పదు, ఆరు సెకన్ల షాటు. గొంతును మామూలు గదిలో రికార్డు చేసి, చిన్న స్పీకరులో మోగించి, దాన్ని గూట్లో పెట్టి మైకుతో మళ్లీ పట్టండి. కంప్యూటర్‌లో రేడియో గొంతు చేయడం కంటే అదే నిజంగా ఉంటుంది.

గట్టుమీది_కెమెరా
అయిపోయింది. శ్రుతిపెట్టె గారు బాణీ కట్టారు, ఒకప్పుడు రేడియోలో పాడిన ఒక పెద్దావిడ పాడారు, ఇద్దరితోనూ సంతకాలు తీసుకున్నాను. కాలం, ప్రాంతం, థియేటరు, ఓటీటీ, యూట్యూబ్ అన్నీ రాశాం. నల్లకోటు గారు చూసి రెండు మాటలు మార్చారు, ఫీజు అడిగితే సినిమా చూపించమన్నారు.

ఆరు సెకన్ల షాటు నిన్న తెల్లవారుజామున తీశాం. అదే చేట, అదే చీర. నటికి పాత పాట అలవాటైపోయి మూడు టేకులు పాడయ్యాయి. నాలుగో టేకులో ఆగాల్సిన మాట కంటే ఒక మాట ముందే ఆగిపోయింది. తప్పే, కానీ అదే బాగుందని ఉంచేశాం. దాంతో చివరి సీనులో ఒక డైలాగుకు మళ్లీ డబ్బింగు చెప్పించాల్సి వచ్చింది. మా అమ్మకు సీను చూపిస్తే "ఆ పాట ఏదిరా?" అంది. డబ్బు లెక్క చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఇది కూడా నేర్చుకుంటానులే" అంది.

రీలు_రంగడు
అభినందనలు! నా నాలుగు షార్ట్ ఫిల్ముల్లో రెండింటిని నిన్న తీసేశాను, పాటలు మార్చి మళ్లీ ఎక్కిస్తాను. ఒక్క సందేహం. ఆ కుక్కరు కూత ఎవరిది? దానికి కూడా కాగితం రాయించారా?

గట్టుమీది_కెమెరా
మా అమ్మ కుక్కరు. అడిగాను. కాగితం వద్దంది, పేరు టైటిల్స్‌లో వేయమంది.